కుడివైపు వాలకూడని పడవ

మా సన్నీబ్యాంక్ బజార్లో సీతాఫలాలు అమ్మేవాళ్ల మీద నాకొక ఫిర్యాదుంది. పండు చేతిలోకి తీసుకుంటే క్రికెట్ బంతిలా ఉంటుంది. దయచేసి నొక్కకండి అని పక్కనే అట్టముక్క పెడతారు కాబట్టి నొక్కకుండానే కొంటాం. ఇంటికి తెచ్చి బియ్యం డబ్బాలో పెడతాం. మర్నాడు చూస్తే రాయి. ఆ మర్నాడూ రాయే. తర్వాత ఒకరోజు ఆఫీసులో పని ఎక్కువై చూడ్డం మర్చిపోతాం. సరిగ్గా ఆ రోజే అది పండి, పగిలి, నల్లబడి, బియ్యానికి కూడా వాసన పట్టించి కూర్చుంటుంది. దుకాణంలో అడిగితే, ఈ ఏడు సీజన్ అలా ఉంది అంటారు. ఏ ఏడు అడిగినా ఆ ఏడే అలా ఉంటుంది.

మే నెలలో ఒక శనివారం పొద్దున అలాంటివి నాలుగు సీతాఫలాలు, ఒక పెద్ద డబ్బా పులిహోర కార్లో పెట్టుకుని గోల్డ్ కోస్ట్ బయల్దేరాం. నేను, మా ఆవిడ, వెనక సీట్లో నా స్నేహితుడు. ఆకాశం నాలుగుసార్లు ఉతికిన బనీను రంగులో ఉంది. వాన వస్తుందా అంటే రాదు, పోతుందా అంటే పోదు.

వాడూ నేనూ ఈ దేశం వచ్చి యూనివర్సిటీలో చదివేటప్పుడు ఒకే గదిలో ఉన్నాం, ఒకే రైస్ కుక్కర్ మీద బతికాం. నేను ముందు పర్మనెంట్ రెసిడెంట్ అయ్యాను. వాడి కాగితాలు ఎప్పుడూ ఏదో ఒక నిబంధన మారడానికి సరిగ్గా వారం తర్వాత వెళ్లేవి. చివరికి ఒక కంపెనీ స్పాన్సర్ చేస్తే ఆ వీసా మీద ఉన్నాడు. మార్చిలో ఆ కంపెనీ వాడిని, వాడితో పాటు సగం ఫ్లోరుని పంపించేసింది. అలాంటి వీసా ఉన్నవాడికి ఉద్యోగం పోవడమంటే జీతం పోవడం ఒక్కటే కాదు. గడువు లోపల ఇంకో కంపెనీ స్పాన్సర్‌గా నిలబడాలి. లేకపోతే దేశం వదలడానికి సోఫా, పాప మంచం, అన్నీ అమ్మకానికి ఫొటోలు తీయాలి. ఆ గడువు సగం పైన అయిపోయింది.

ఈ సంగతి తెలిసినవాళ్లం ముగ్గురం: వాడి భార్య, నేను, మా ఆవిడ. మిగతా లోకానికి వాడు "లీవులో" ఉన్నాడు. లీవు అని మొదటి రోజు ఎవరితోనో అన్నాడు. తర్వాత అందరితోనూ అదే అనాల్సి వచ్చింది. పండక్కి పక్క రాష్ట్రంలోని హెలెన్స్‌బర్గ్ గుడికి కారు వేసుకుని పోయి ఫొటోలు కూడా పెట్టాడు, లీవులో ఉన్నవాడు ఏదో ఒకటి చేయాలి కదా అని. వాడి భార్య వృద్ధుల హోములో పని చేస్తుంది. ఆ శనివారం కూడా పాపని తెలిసినవాళ్లింట్లో దింపి షిఫ్టుకి పోయింది, అందుకే రాలేదు.

మా అందరికీ పెద్దన్న ఒకాయన ఉన్నాడు. వరంగల్ వైపు మనిషి, మాకంటే పదేళ్లు పెద్ద. ఒక కంపెనీలో పెద్ద టీము ఆయన చేతికింద నడుస్తుంది. ఏ ఇంట్లో పుట్టినరోజైనా కేకు మొదటి ముక్క పుట్టినరోజు పిల్లలకి, రెండో ముక్క ఆయనకి. ఆయన టీములో ఒక ఖాళీ ఉందని ఏప్రిల్లో ఆన్‌లైన్లో ప్రకటన కనబడింది. మావాడు చేసిన పనీ ఆ పనీ అచ్చంగా ఒకటే. కానీ వీసా అవసరం లేనివాళ్లకే ప్రాధాన్యం అని కింద రాసుంది. అంటే పెద్దన్న ఒక మాట వేస్తే తప్ప అప్లికేషన్ మొదటి గేటు దాటదు.

"ఫోన్ చేసి అడగొచ్చుగా అన్నయ్యా," అంది మా ఆవిడ వాడితో అప్పట్లో.

మేమిద్దరం ఆమె వంక జాలిగా చూశాం.

"ఫోన్లో ఎట్లా అడుగుతానమ్మా? అవసరానికి ఫోన్ చేశాడనుకోడూ? ఎక్కడైనా అందరం సరదాగా కలిసినప్పుడైతే మాటల్లో మాటగా అనేస్తా. బావా, ఏదైనా ప్రోగ్రాం పెట్టరా."

పెట్టాను. పెద్దన్నకి ఒంట్లో కాస్త బరువు పెరిగి డాక్టరు నడవమన్నాడట. నడవడం తప్ప ఏదైనా చేస్తానని ఆయన వాట్సాప్ గ్రూపులో అప్పటికే ప్రకటించి ఉన్నాడు. అందుకని పక్కకి తేలే దుంగ కట్టిన ఆరుగురి పడవలో తెడ్లేయడం, ఆ తర్వాత అలల మీద బోర్డుతో సర్ఫింగ్, రెండూ కలిపి ఒకే రోజు నేర్పేచోట సీట్లు తీసుకున్నాను. మొదటి శనివారం గాలి ఎక్కువని వాళ్లే రద్దు చేశారు. రెండో శనివారం కూడా గాలే. ఆ రెండు శనివారాలూ మావాడు ఇంట్లో కూర్చుని గాలి వేగం చెప్పే యాప్ చూస్తూ గడిపాడు. మూడో శనివారం గాలి లేదు, ఎండ కూడా లేదు.

పెద్దన్న, వదిన అప్పటికే వచ్చి ఉన్నారు. ఆయన కొత్త టోపీ పెట్టుకున్నాడు.

"ఏం తమ్మీ," అన్నాడు మావాడి భుజం తట్టి, "లీవ్ల ఉన్నవంట. మస్తు ఎంజాయ్ చేస్తున్నవ్."

"ఏదో అన్నా," అన్నాడు మావాడు. నవ్వాడు కూడా.

మాకు నేర్పే ఆవిడకి అరవై దాటి ఉంటాయి. ఎండకి ఉప్పుకి చర్మం తోలు సంచిలా అయిపోయింది. అందర్నీ "లవ్" అని పిలుస్తుంది, అంతమాత్రాన ప్రేమ ఉన్నట్టు కాదు. ఇసుక మీద పడవని చూపిస్తూ ఆవిడ చెప్పింది మూడే ముక్కలు. పడవ సన్నం, దానంతట అది నిలబడదు. ఎడమవైపు రెండు కర్రలతో కట్టిన ఈ దుంగ నీళ్లని ఆనుకుని ఉన్నంతసేపే మనం పైన ఉంటాం. కాబట్టి భయమేస్తే ఎడమకి వాలండి, నవ్వొస్తే ఎడమకి వాలండి, ఏం చేయాలో తెలియకపోయినా ఎడమకి వాలండి. కుడివైపు మాత్రం వాలొద్దు.

తర్వాత సీట్లు. మొదటి సీట్లో కూర్చున్నవాళ్ల తెడ్డు ఎలా పడితే వెనకవాళ్లందరి తెడ్డూ అలా పడాలట. అందుకని తేలిగ్గా, తాళం తప్పకుండా ఉండేవాళ్లు ముందుండాలి. ఆవిడ మమ్మల్ని కాసేపు నడిపించి చూసి, వేలు మా ఆవిడ వైపు పెట్టింది. మా ఆవిడ చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుంది, ఆ సంగతి చెప్పకుండానే ఆవిడకి తెలిసిపోయింది.

మాకు మాత్రం నచ్చలేదు. పెద్దన్న నిలబడి ఉండగా మా ఆవిడ ముందు కూర్చోవడమేమిటి?

"అన్నా, మీరు కూర్చోండి ముందు," అన్నాను.

"అరె, నాకెందుకురా," అన్నాడాయన, అప్పటికే ఒక కాలు పడవలో పెట్టి.

"మీరే అన్నా. మీరు ముందుంటేనే బాగుంటుంది," అన్నాడు మావాడు. మా ఆవిడ కూడా తప్పుకుని, "మీరే అన్నయ్యా," అంది. నేర్పే ఆవిడ ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూసింది. ఇది మతానికి సంబంధించిన విషయమేమో అనుకున్నట్టుంది, తెడ్లు పంచడం మొదలుపెట్టింది.

మొదటి సీట్లో పెద్దన్న. రెండో సీటు మావాడు ముందే ఖర్చీఫ్ వేసుకున్నట్టు ఆక్రమించాడు. మూడో సీటు నాది, నాలుగు మా ఆవిడది, ఐదు వదినది. ఆరో సీట్లో పెద్ద తెడ్డుతో దారి పట్టేది నేర్పే ఆవిడ. అందరం ముందుకే చూస్తూ కూర్చోవాలి. కూర్చున్నాక గాని మావాడికి తట్టలేదు: మాటల్లో మాటగా అడుగుదామని వచ్చినవాడికి పడవలో ఉన్నంతసేపూ కనబడేది పెద్దన్న వీపు.

మొదట వాగు మీద పైకి వెళ్లాం. నీళ్లు బూడిదరంగులో కదలకుండా ఉన్నాయి. ఒడ్డున మడచెట్లు, వాటి మధ్య ఎవరిదో పాత పడవ సగం మునిగి ఉంది. పెద్దన్న తెడ్డు ఒకసారి తొందరగా పడుతుంది, ఒకసారి ఆలోచించుకుని పడుతుంది. మధ్యలో ఆయన చేపని చూశానని ఆగుతాడు. మావాడు మాత్రం ఆ తెడ్డుని అక్షరం తప్పకుండా అనుసరించాడు. ఆయన తప్పు వేస్తే వాడూ తప్పు వేశాడు, ఆయన ఆగితే ఆగాడు. వెనకనించి "టైమింగ్! టైమింగ్!" అని కేకలు. ఎవరి మీదో తెలిసినా ఆయనకి తప్ప అందరికీ తగిలినట్టు మేం తలలు వంచుకున్నాం.

"నా తెడ్డుకి మీ ఆయన తెడ్డు తగుల్తోంది వదినా," అంది మా ఆవిడ వెనక్కి తిరక్కుండా. తగిలేది నా తెడ్డు. కానీ ఫిర్యాదు ఎక్కడ పెడితే విలువుంటుందో ఆమెకి తెలుసు.

"మా ఆయన బండి కూడ గిట్లనే నడుపుతడు," అంది వదిన.

తర్వాత నేర్పే ఆవిడ మమ్మల్ని వాగు నోటి దగ్గరనుంచి సముద్రంలోకి తీసుకెళ్లింది. చిన్న అలలే. పడవని ఒడ్డు వైపు తిప్పి నిలబెట్టి, అల వెనకనించి వచ్చి ఎత్తేదాకా ఆగి, ఆవిడ అరవగానే గట్టిగా తెడ్లేయాలి. అల దొరికితే పడవ దానంతటదే పరిగెడుతుంది. మొదటి రెండు అలలు మమ్మల్ని వదిలేసి ముందుకి పోయాయి. మూడోది ఎత్తుకుంది. నిజం చెప్పొద్దూ, ఆ కాసేపు నేను ఏమీ ఆలోచించలేదు. మొహాన ఉప్పునీళ్లు కొట్టాయి, మా ఆవిడ వెనకాల చిన్నపిల్లలా అరిచింది. పెద్దన్న రెండు చేతులూ పైకెత్తి తెడ్డు ఊపాడు.

"చూసిన్రా! నేను ముందున్న అని వచ్చిందది!"

ఆయన అంత సంతోషంగా ఉండగా చూసి చాలాకాలమైంది. మళ్లీ బయటికి వెళ్లి ఇంకో అల కోసం ఆగాం. నీళ్లు పడవని మెల్లగా లేపి దించుతున్నాయి. మావాడి మెడ వెనక నరం ఒకటి బిగుసుకోవడం నాకు కనబడింది. ఇప్పుడే అడగబోతున్నాడని అర్థమైంది.

"అన్నా," అన్నాడు.

"ఊ."

"మీ టీంలో ఏదో పొజిషన్ ఉందంట కదా..."

సముద్రం హోరులో ఆయనకి సగమే వినబడినట్టుంది. "ఏందీ?" అని కుడివైపు నించి వెనక్కి తిరిగాడు, నిండా తిరిగాడు, పెద్ద మనిషి. ఆయన మొహం చివరికి కనబడిందన్న తొందర్లో మావాడూ కుడివైపే ముందుకి వంగాడు. ఏం జవాబొస్తుందో విందామని నేనూ కుడివైపే వాలాను.

ఎడమవైపు దుంగ నీళ్లలోంచి లేవడం చాలా మర్యాదగా జరిగింది. కాసేపు గాలిలో ఆగింది కూడా. తర్వాత ఆకాశం, తెడ్లు, వదిన అరుపు, చల్లటి నీళ్లు.

లైఫ్ జాకెట్లు ఉన్నాయి కాబట్టి అందరం పైకొచ్చాం. బోర్లాపడ్డ పడవని పట్టుకుని సీటు నంబరు చెప్పాలి, అది పద్ధతి. ఆవిడ ఒక్కొక్క నంబరే పిలిచింది. వన్ అంటే పెద్దన్న ఉప్పునీళ్లు ఉమ్ముతూ చెయ్యెత్తాడు. టూ అంది. జవాబు లేదు. టూ! అని రెండోసారి అరిచినప్పుడు ఆ గొంతులో "లవ్" లేదు.

"ఉన్నా," అని వినబడింది దూరంగా, తెలుగులో.

అలకి కొట్టుకుపోతున్న పెద్దన్న కొత్త టోపీ వెనకాల పోయాడు వాడు. పట్టుకుని తెచ్చాడు. తెచ్చి ఆయన చేతికి ఇచ్చాక మొహం తడుముకున్నాడు. వాడి కళ్లజోడు లేదు.

అది లేకపోతే వాడికి చేయి చాచినంత దూరం దాటితే మనుషులు రంగులుగా కనబడతారు. వెతకడానికి అది స్విమ్మింగ్ పూల్ కాదు. పడవని తిప్పి, బకెట్లతో నీళ్లు తోడి, ఒడ్డుకి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పెద్దన్న టోపీ పిండుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"టోపీ పోతే పోయేటిది కద తమ్మీ," అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు.

"మరేం పర్లేదన్నా. ఇంట్లో పాత జోడుంది."

పార్కులో బల్ల మీద పులిహోర విప్పాం. పక్కన ఒక కుటుంబం సాసేజిలు కాలుస్తోంది, పొగంతా మా వైపే వచ్చింది. పెద్దన్న ఒక సీతాఫలం తీసి బొటనవేలితో నొక్కి చూసి, యథాస్థానంలో పెట్టేశాడు. వదిన, మా ఆవిడ పేపరు ప్లేట్లు గాలికి ఎగరకుండా పట్టుకుని తింటున్నారు. ఇక ఆలస్యం చేస్తే సర్ఫింగ్ మొదలవుతుంది.

"అన్నా, ఇందాక పడవలో ఒక మాట అడగబోయా," అన్నాడు మావాడు.

"అదే, ఏంది తమ్మీ? లీవ్ ఎక్స్‌టెండ్ చేసినవా?"

"లీవ్ కాదన్నా. మార్చిలో తీసేశారు. చెప్పడానికి... ఎందుకులే అని చెప్పలేదు. వీసాకి ఇంక ఎంతో టైం లేదు. మీ టీంలో ఆ పొజిషన్ చూశా. నేను చేసిన పనే. మీరు ఒక్క మాట..."

అంతే అన్నాడు. రెండు నెలలు మోసింది, మూడు వారాలు రిహార్సలు వేసింది, పులిహోర ముద్ద చల్లారేలోపు అయిపోయింది.

పెద్దన్న చేతిలో ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది. కళ్లు ఒక్క క్షణం మూసుకున్నాడు. పెదాలు బిగించి, తల అడ్డంగా, చాలా కొద్దిగా, రెండుసార్లు ఊపాడు. తర్వాత వదిన వైపు చూశాడు. వదిన ప్లేటు వైపు చూసింది.

మావాడు బల్లకి ఆ చివర ఉన్నాడు. వాడికి కనబడింది ఒక టోపీ, కింద ఒక నీలం చొక్కా.

"చూద్దాం తమ్మీ," అంది ఆ నీలం చొక్కా.

"థాంక్స్ అన్నా," అన్నాడు వాడు. మొహం విప్పారింది. మార్చి తర్వాత వాడు మారు పెట్టించుకుని తినడం నేను చూడటం అదే మొదలు. నా డొక్కలో మోచేత్తో పొడిచి, "చూశావా బావా, ఇలా కూర్చుని మాట్లాడితే వేరు," అన్నాడు చిన్నగా. నేను ఊరగాయ ఉందా అని అడిగాను. ఉంది. నా ప్లేటులోనే ఉంది.

సర్ఫింగ్ గురించి ఎక్కువ చెప్పుకోవడానికి లేదు. ఇసుక మీద బోర్డు పెట్టి బోర్లా పడుకోవడం, లేవడం నేర్పారు. ఇసుక మీద నేను బాగానే చేశాను. నీళ్లలో నేను పడ్డాను, మా ఆవిడ పడింది, వదిన మోకాళ్ల మీద కొంతదూరం వచ్చి పడింది. పెద్దన్న రెండుసార్లు ప్రయత్నించి, భుజం పట్టేసిందని ఒడ్డున కూర్చున్నాడు. పట్టింది భుజం కాదని నాకు తెలుసు. ఇసుకని గుప్పిట్లోకి తీసుకోవడం, వదలడం, అదే పనిగా చేశాడు.

ఆ రోజు మా అందరిలో అల మీద నిలబడ్డవాడు మావాడొక్కడే. కళ్లజోడు లేకపోవడం వల్లే నిలబడ్డాడని నేర్పే ఆవిడ అంది, కిందకి చూస్తేనే పడతారట, కాళ్ల కిందేముందో కనబడనివాడు కిందకి చూడడట. ఆవిడ వెనకనించి బోర్డు తోసింది. వాడు లేచాడు. మోకాళ్లు వంచి, చేతులు రెండూ చీకట్లో స్విచ్చి వెతికేవాడిలా చాచి, ఎటు పోతున్నాడో తెలియకుండా, ఒడ్డు దాకా వచ్చేశాడు. బోర్డు ఇసుకలో గుచ్చుకున్నాక కూడా దిగకుండా అలాగే నిలబడ్డాడు, ఇంకా నీళ్ల మీదే ఉన్నాననుకుని. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. పెద్దన్న లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, ఆపకుండా చాలాసేపు కొట్టాడు. మావాడు ఆ చప్పుడు వచ్చిన వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. అది పక్కన నిలబడ్డ వేరే కుటుంబానికి వెళ్లింది.

సాయంత్రం చినుకులు మొదలయ్యాయి. పార్కింగ్ దగ్గర ఒక స్నానాల పంపుంటుంది, మీట నొక్కితే కాళ్లు తడిసేంత నీళ్లొచ్చి ఆగిపోతుంది. ఐదుగురం వంతులవారీగా మీట నొక్కుకుంటూ ఇసుక కడుక్కున్నాం. మా ఆవిడ మిగిలిన సీతాఫలాలు వదిన సంచిలో పెట్టబోతే, "మాకెందుకు, మీరుంచుకోండ్రి," అని వదిన తిప్పి ఇచ్చేసింది. అంత ముక్తసరిగా మాట్లాడే మనిషి కాదు. పొద్దుటి నుంచి నవ్వించిన మనిషి.

పెద్దన్న కారు తలుపు తీసి, మూసి, మళ్లీ తీశాడు.

"మంచిగ పోండ్రి. డ్రైవింగ్ జర జాగ్రత్త," అన్నాడు నాతో. మావాడి వైపు చూడలేదు. చూసినా వాడికి తెలిసేది కాదు.

వాడే దగ్గరికి వెళ్లాడు. తువ్వాలు భుజాన వేసుకుని, ఆ మనిషి ఎక్కడున్నాడో అక్కడికి కాస్త పక్కగా చూస్తూ చెప్పాడు.

"అన్నా, రాత్రికే రెజ్యూమె పంపించేస్తా. మీరు ఒకసారి చూసి, ఏమైనా మార్చమంటే మారుస్తా. తొందరేం లేదు. అంటే, తొందరే, కానీ మీ వీలు చూసుకుని..."

"పంపు తమ్మీ, పంపు, చూద్దాం," అన్నాడు పెద్దన్న, కారు పైకప్పు మీద పడుతున్న చినుకులని చూస్తూ.

వదిన పంపు మీట వదిలేసింది. నీళ్ల చప్పుడు ఆగింది.

"పంపకు తమ్మీ," అంది. "ఆ జాబ్ పోయిన బుధవారమే వేరేటోనికి ఇచ్చిండ్రు. అంతకుముందు రెండు వారాలు ఇంట్ల రోజూ ఇదే లొల్లి, మనోళ్లెవరన్న ఖాళీగుంటే మంచిగుండు అని. నీ పేరు కూడ తీసినం. నువ్వేమో లీవ్ల ఉన్నంటివి."